గోడకు కొట్టిన బంతి

వీధి ఫుట్‌బాల్ మీద వచ్చిన వీడియో గేముల్లో బాగా పేరున్నది ‘ఫిఫా స్ట్రీట్’. ఈఏ స్పోర్ట్స్ కంపెనీ మొదటిదాన్ని 2005లో తెచ్చింది. 2006లో, 2008లో మరో రెండు వచ్చాయి. 2012లో ఆటనే మార్చేసి మళ్లీ విడుదల చేసింది. కంప్యూటర్‌లో ఆడుకునేలా రాలేదు, ప్లేస్టేషన్ లాంటి పెట్టె ఉండాల్సిందే. కాబట్టి శంకర్‌పల్లి, చేవెళ్ల చుట్టుపక్కల తండాల పిల్లలకు ఇది దొరికితే స్నేహితుడి ఇంట్లో దొరకాలి, లేదా గంట లెక్కన ఆడించే షాపులో.

గేముల మీద విమర్శ ఎందుకని కొందరు టీచర్లు అనవచ్చు. సినిమాను విమర్శిస్తున్నాం, పాఠ్యపుస్తకాన్ని విమర్శిస్తున్నాం. పిల్లల కళ్లను గంటలకొద్దీ పట్టి ఉంచేదాన్ని మాత్రం ఎందుకు వదలాలి?

ముందు బాగున్నది చెప్పుకుందాం. చిన్న జాగా, తక్కువమంది ఆటగాళ్లు, చుట్టూ గోడలు. బంతిని గోడకు కొట్టి, అవతలివాణ్ణి దాటి, మళ్లీ అందుకోవచ్చు. గోడ కూడా మన జట్టులో ఒకడే. వాకిట్లో ఆడి పెరిగినవాళ్లకు ఈ కిటుకు ఎవరూ నేర్పక్కర్లేదు. 2012 గేమ్ ఇంకా నచ్చుతుంది. అందులో బంతిని పాదం కింద తొక్కిపట్టి, ఎదుటివాడు తొందరపడే దాకా ఆగవచ్చు. ‘లాస్ట్ మ్యాన్ స్టాండింగ్’ అనే పద్ధతి ఒకటుంది. గోల్ కొట్టిన ప్రతిసారీ మన జట్టులోంచి ఒకరు బయటికి పోవాలి. ముందుగా ఎవరి జట్టు ఖాళీ అయితే వాళ్లే గెలిచినట్టు. గెలుపు దగ్గరపడేకొద్దీ బలం తగ్గుతుంది. ఇది కనిపెట్టినవాళ్లు నిజంగా వీధిలో ఆడినవాళ్లే అయ్యుంటారు.

లోపం 2005 గేమ్‌లోనే మొదలైంది. విన్యాసం చేస్తే మీటరు నిండుతుంది, నిండితే గోల్‌కీపర్ ఆపడం కష్టమైన షాట్ కొట్టవచ్చు. పది ఆటలయ్యేసరికి మనకు తెలిసిపోతుంది: పక్కవాడికి బంతి ఇచ్చి లాభం లేదు, వేషాలేస్తేనే లాభం. 2012లో ‘పన్నా’ పద్ధతి కూడా ఎదుటివాడి కాళ్ల మధ్యనుంచి బంతి పంపినందుకు పాయింట్లిస్తుంది. కాకపోతే గోల్ పడితేనే అవి లెక్కలోకొస్తాయి, అంతవరకు నయం.

హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం సరిగ్గా దీనికి ఎదురుగా నేర్పారు. డ్రిబ్లింగ్ చేయకూడదనే షరతుతో పోటీలు పెట్టారు. బలహీనమైన కాలితోనే ఆడాలని ఇంకొన్ని పెట్టారు. ఆయన శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది. ఆ జట్టులోని తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ మనిషి. ప్రపంచ తారలందరినీ చూపించే గేమ్ ఆడే మన పిల్లల్లో ఎంతమందికి ఈ పేర్లు తెలుసు?

మాకు అన్నిటికన్నా ఇబ్బంది కలిగించేది ఆ గేమ్‌లోని వీధే. రియోలోని పేదల బస్తీ అందులో ఒక రంగుల తెర. అక్కడ ఇళ్లున్నాయి, బతుకు లేదు. రేపు ఎవరైనా తండాను గేమ్‌లో పెడితే అద్దాల లంగా, వేపచెట్టు పెట్టి అయిందనిపిస్తారు. సినిమావాళ్లు ఇన్నాళ్లూ చేసింది కూడా అదే కదా! ఆ గేమ్‌లో జాగా ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, ఎవరినీ అడగక్కర్లేదు. ఇక్కడ శంకర్‌పల్లి రోడ్డు పొడవునా ప్లాట్ల రాళ్లు పాతుకుంటూ వస్తున్నారు. నిన్న ఆడిన చోట ఇవాళ గేటు, గేటుకు తాళం. టర్ఫ్ ఉంది, దానికి గంటకింతని అద్దె. ఏ గేమూ ఈ ఆటంకాన్ని ఒక లెవెల్‌గా పెట్టలేదు.

ఇంకొకటి. వీధిలో నిబంధనలు ఆడేవాళ్లే పెట్టుకుంటారు. చెప్పులే గోల్‌స్తంభాలు. చిన్నవాడుంటే వాడు రెండు జట్లకూ ఆడతాడు. బంతి పక్కవాళ్ల పెరట్లో పడితే కొట్టినవాడే పోయి తేవాలి. కొట్లాడుకుని, అలిగి, చివరికి ఒప్పుకుని ఆడతారు. గేమ్‌లో ఆ కొట్లాటా లేదు, ఆ ఒప్పుకోవడమూ లేదు. నిబంధనలు కంపెనీ రాసి పంపినవి.

పీఈటీ సార్లకు ఒక మాట. లాస్ట్ మ్యాన్ స్టాండింగ్‌ను గేమ్ నుంచి తీసుకుని బడి గ్రౌండ్‌లో ఆడించండి. పెట్టె అక్కర్లేదు, బంతి చాలు. రెండో రోజు దానికి ఒక కొత్త నిబంధన కలపమని పిల్లలకే వదిలేయండి. బయటికి వెళ్లిన పిల్ల ఊరికే కూర్చోవాలా, గోల్ వెనక నిలబడి బంతి అందించాలా అన్న తగువు అక్కడే మొదలవుతుంది.