సూచనా పత్రములో లోపించిన హేతువు

రౌటరుతోపాటు అట్టపెట్టెలో వచ్చు చిన్న సూచనా పత్రమును శాస్త్ర వాఙ్మయముగా ఎవరును పరిగణింపరు. కాని ఒక యంత్రమును గూర్చి ఒక ఇంటిలో చదువబడు రచన తరచు అదియొక్కటే. కావున దాని గుణదోషములను విచారించుట అనుచితము కానేరదు. ఈ వ్యాసమున మూడు విధములైన రచనలను పోల్చి చూతము. మొదటివి, తయారీదారుల సూచనా పత్రములు. రెండవది, కంప్యూటర్ల మధ్య ఫైళ్లను పంపు టి.ఎఫ్.టి.పి. అను పద్ధతిని నిర్వచించిన 1992 నాటి ప్రమాణ పత్రము. మూడవవి, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టి అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును పెంపొందించు స్వచ్ఛంద కార్యకర్తల సహాయ పుటలు. గీటురాయి ఒక్కటే: రౌటరులోని ఫర్మ్‌వేరు చెడినపుడు, ఇంటనున్న కంప్యూటరుతో దానిని తిరిగి నెలకొల్పుటకు ఈ రచన చదువరికి తోడ్పడునా?

పట్టణ వాసికి ఈ ప్రశ్న పెద్దది కాకపోవచ్చును. దుకాణము దగ్గరనే యుండును. భద్రాచలము ఆవల దుమ్ముగూడెము, చర్ల మండలముల అడవి అంచు గ్రామములకు ఖమ్మము వందకు పైగా కిలోమీటర్ల దూరము. 2022 జూలైలో భద్రాచలము వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరినపుడు వంతెనపై రాకపోకలే నిలిచిపోయినవి. అట్టి చోట ఒక పాఠశాల రౌటరు మూగవోయినచో విద్యార్థుల పాఠములు ఆగును. బాగుకాగల యంత్రము చెత్తలో చేరును.

రచనలను తూచుటకు ముందు రోగమును తెలిసికొనవలెను. రౌటరును నడిపించు ఆదేశముల సముదాయమే ఫర్మ్‌వేరు. అది ఫ్లాష్ అను జ్ఞాపక చిప్పులో నుండును. ఈ చిప్పును ఖండములుగా చెరిపి, పిదప వ్రాయవలెను. చెరిపినపుడు ప్రతి బిట్టు 1 అగును; వ్రాయునపుడు 1ని 0గా మార్చవచ్చును గాని, 0ని మరల 1గా మార్చుటకు ఆ ఖండము మొత్తమును చెరుపవలసినదే. ఒక్క అక్షరము దిద్దుటకు పలక అంతయు తుడువవలసి వచ్చినట్టిదే ఇదియును. క్రొత్త ఫర్మ్‌వేరు ఎక్కుచుండగా విద్యుత్తు పోయినచో పాతది చెరిగిపోవును, క్రొత్తది పూర్తికాదు. ఇట్లు కదలని రౌటరును వాడుకలో ‘బ్రిక్’, అనగా ఇటుక, అందురు.

అయితే అది నిజముగా ఇటుక కాదు. చిప్పులోనే వేరొక భాగమున బూట్‌లోడరు అను చిన్న ప్రోగ్రాము కలదు. రౌటరును వెలిగించినంతనే మొదట మేల్కొనునది అదియే. మామూలుగా ఫర్మ్‌వేరు మార్పిడి దానిని తాకదు. పెక్కు రౌటర్లలో రీసెట్ బొత్తామును నొక్కిపట్టి స్విచ్చి వేసినచో ఈ బూట్‌లోడరు, తీగతో కలిపిన కంప్యూటరు నుండి క్రొత్త ఫర్మ్‌వేరును గ్రహించును.

ఇక సూచనా పత్రమును చూతము. ఫర్మ్‌వేరు మార్చునపుడు విద్యుత్తును ఆపరాదని అది హెచ్చరించును. ఆజ్ఞ సరియైనదే. కాని ఏల ఆపరాదో చెప్పదు. ఆగినచో ఏమి చేయవలెనో అసలే చెప్పదు. విద్యుత్తును మనము ఆపుట వేరు, దానంతట అది పోవుట వేరు. గాలివానకు తీగలు తెగు పల్లెలో చదువరి ఈ ఆజ్ఞను ఎట్లు పాలింపగలడు? కొందరు తయారీదారులు పునరుద్ధరణ విధానమును తమ వెబ్‌సైటులో ఉంచినారు. ఇంటర్నెట్టునకు ద్వారమైన యంత్రము చెడినపుడు దాని మందును ఇంటర్నెట్టులోనే దాచుట, తాళముచెవిని గది లోపలనే పెట్టి తాళము వేయుట వంటిది. ఆ నాలుగు వాక్యములు కాగితముపై నుండవలెను.

దీనికి పూర్తిగా భిన్నమైనది ఆర్.ఎఫ్.సి. 1350 అను ప్రమాణ పత్రము. కరెన్ సోలిన్స్ రచించిన ఈ పత్రము పదకొండు పుటలు మాత్రమే. ఇందు చెప్పిన పద్ధతిలో ఐదే రకముల పొట్లములు కలవు: చదువుటకు కోరిక, వ్రాయుటకు కోరిక, దత్తాంశము, అందినట్లు రసీదు, దోషము. ఫైలును 512 బైట్ల ముక్కలుగా పంపుదురు. ఒక ముక్కకు రసీదు రానిదే తరువాతి ముక్క కదలదు. 512 బైట్లకు తక్కువైన ముక్క వచ్చినచో అదియే ముగింపు. విద్యార్థులు లెక్కించి చూడవచ్చును: 8,388,608 బైట్ల ఫర్మ్‌వేరునకు సరిగా 16,384 నిండు ముక్కలు అగును, కావున ముగింపు తెలుపుటకు 16,385వదిగా ఒక ఖాళీ ముక్కను పంపవలెను. ఇంత చిన్న పద్ధతి కనుకనే అది బూట్‌లోడరులో ఇముడును. ఈ పత్రమునందు నాకు మిక్కిలి నచ్చిన గుణము వేరొకటి కలదు. ఈ పద్ధతి ఫైళ్ల జాబితాను చూపలేదనియు, వాడువాని గుర్తింపును పరీక్షింపదనియు అది ఆరంభముననే చెప్పును. తన పరిమితిని తానే చెప్పుకొనుట శాస్త్ర రచనకు భూషణము.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టి 2004లో మొదలైనది; లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టి54జి రౌటరు మూల ప్రోగ్రాము బహిరంగమగుట దానికి బీజము. దాని సహాయ పుటలు హేతువును దాచవు. ఏ భాగము చెడినదో మొదట నిర్ణయించి, తదనుగుణముగా చికిత్సను చెప్పును. కొన్ని రౌటర్లు తామే కంప్యూటరును ఫైలు అడుగుననియు, మరికొన్ని కంప్యూటరు పంపువరకు వేచియుండుననియు గల ముఖ్య భేదము ఇచ్చట తెలియును. లోపము లేకపోలేదు. సమాచారము పెక్కు పుటలలో చెదరియున్నది. ఆంగ్లమున తడబడు విద్యార్థి దారి తప్పును. అతనికి తెలుగులో అట్టి పుట ఒక్కటియైనను చేతికందవలెను.

మంచి సూచనా పత్రమున ఉండవలసినవి కొన్నియే. రౌటరు అడుగు చీటీపైనున్న మోడలును, హార్డ్‌వేరు వర్షన్‌ను సరిచూడుమనవలెను. పేరు ఒకటియే అయినను వర్షన్ మారినచో లోని చిప్పు మారవచ్చును. ఫైలు చెడకుండ దిగినదో లేదో సరిచూచు విధానమును, కంప్యూటరునకు ఈయవలసిన స్థిర అంకెల చిరునామాను, తీగను గ్రుచ్చవలసిన రంధ్రమును తెలుపవలెను. కంప్యూటరులోని ఫైర్‌వాల్ ఈ బదిలీని అడ్డగింపవచ్చునని చెప్పవలెను. పని ముగియువరకు రెండింటిని బ్యాటరీ ఆధారముపై నుంచుమనవలెను. కనెక్షను ఇచ్చిన సంస్థకు చెందిన పెట్టెను ఇట్లు ముట్టరాదనియు, బూట్‌లోడరే చెడినచో ఈ చికిత్స పనిచేయదనియు దాపరికము లేక చెప్పవలెను.

తయారీదారులు వ్రాయువరకు ఉపాధ్యాయులు వేచియుండ నక్కరలేదు. తమ పాఠశాల రౌటరునకు తగిన ఫైలును ముందే దింపి భద్రపరచి, పై విషయములను తెలుగులో ఒక పుటగా వ్రాసి గోడకు అంటింపవచ్చును. దానిని విద్యార్థులచేతనే వ్రాయించినచో మరియు మేలు. ప్రతి ఆజ్ఞ ప్రక్కన దాని కారణమును ఒక్క వాక్యములో వ్రాయుడని మాత్రము కోరవలెను. కారణము వ్రాయలేని చోట తాము ఏమి తెలిసికొనవలసియున్నదో వారికే తెలియును.