ఎత్తు తెలిస్తేనే బలం తెలిసేది

విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజిన్ విప్పారంటే అందరి కళ్లూ పిస్టన్లు, లైనర్లు, క్రాంక్ మీదే ఉంటాయి. వాల్వ్ స్ప్రింగుల్ని డీజిల్‌తో కడిగి ఓ పక్కన పెట్టేస్తారు. విరగలేదంటే బాగున్నట్టే అనుకుంటారు చాలామంది. పనితనం తెలిసిన మేస్త్రి మాత్రం అక్కడ ఆగుతాడు. ఆ స్ప్రింగుల బలం ఆయన కొలిచే తీరు దగ్గర నిలబడి చూడదగింది.

స్ప్రింగు చేసే చాకిరీ మామూలుది కాదు. వాల్వును తెరిచేది కామ్ అయితే, మూసే భారమంతా స్ప్రింగుదే. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే కామ్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరుగుతుంది. ఇంజిన్ నిమిషానికి 2,400 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు సెకనుకు 20 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. స్ప్రింగు నీరసపడితే వాల్వు కామ్ వెంట రాలేదు, సీటు మీద గట్టిగా కూర్చోలేదు. వేగం హద్దు దాటినప్పుడు పిస్టన్‌కు తగిలినా తగలొచ్చు. పోనీ అని మరీ బలమైనది వేస్తే కామ్, టాపెట్ త్వరగా అరిగిపోతాయి.

మేస్త్రి ముందు కళ్లతో వెతుకుతాడు. తుప్పు చుక్క గానీ గీత గానీ కనిపిస్తే ఆ స్ప్రింగు పక్కకే, పగులు మొదలయ్యేది అక్కడే కాబట్టి. తర్వాత చదునైన పలక మీద మూలమట్టం ఆనించి నిలబెట్టి మెల్లగా తిప్పుతాడు. పైచుట్టు దగ్గర సందు ఎక్కడ ఎక్కువుందో చూస్తాడు. వంకర స్ప్రింగు వాల్వు కాడను ఒక పక్కకు నెట్టి గైడును అరగదీస్తుంది. విడి పొడవును వెర్నియర్‌తో కొలుస్తాడు.

అసలు పనితనం ఆ తర్వాత కనిపిస్తుంది. స్ప్రింగు బలం కొలిచే టెస్టర్ జోలికి పోకముందే ఆయన స్ప్రింగు లేకుండా వాల్వు, రిటైనర్, లాక్‌లు హెడ్‌లో బిగిస్తాడు. రిటైనర్‌ను పైకి లాగి పట్టుకుని, స్ప్రింగు కూర్చునే చోటు నుంచి రిటైనర్ అడుగు దాకా ఎంతుందో కొలుస్తాడు. ఒక్కో వాల్వుకూ ఆ ఎత్తు విడిగా రాసుకుంటాడు. సీటు కోసి, వాల్వు ముఖం గ్రైండ్ చేశాక వాల్వు హెడ్‌లోకి దిగుతుంది, ఆ మేరకు కాడ అవతలికి పొడుచుకొస్తుంది. స్ప్రింగుకు చోటు పెరిగి, అది వదులుగా కూర్చుంటుంది.

లెక్క వేసి చూద్దాం. 40 మిల్లీమీటర్ల ఎత్తులో 30 కిలోలు, 10 మిల్లీమీటర్లు తెరుచుకున్నప్పుడు 70 కిలోలు చూపించే స్ప్రింగుంది. అంటే మిల్లీమీటరుకు 4 కిలోలు. ఎత్తు ఒక్క మిల్లీమీటరు పెరిగితే చాలు, సీటు మీద బలం 26 కిలోలకు పడిపోతుంది. స్ప్రింగు కొత్తదే కావచ్చు, అయినా బలంలో ఎనిమిదో వంతుకు పైగా పోయినట్టే. ఎత్తు చెప్పకుండా బలం ఇంత అని చెప్పడంలో అర్థం లేదని మేస్త్రికి తెలుసు.

అప్పుడు స్ప్రింగు టెస్టర్ ఎక్కుతుంది. రాసుకున్న ఎత్తు దాకా నొక్కి ఒక అంకె, వాల్వు పూర్తిగా తెరుచుకునే ఎత్తు దాకా నొక్కి ఇంకో అంకె తీస్తాడు. రెండూ ఇంజిన్ మాన్యువల్‌తో పోలుస్తాడు. స్ప్రింగే నీరసించి ఉంటే మార్చేస్తాడు. స్ప్రింగు బాగుండి ఎత్తే పెరిగి ఉంటే కింద షిమ్ అనే పలుచని రింగు వేసి సరిచేస్తాడు. షిమ్ వేశాక వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు చుట్టు చుట్టుకు తగలకుండా సందు మిగలాలి. అదీ చూశాకే ముందుకు కదులుతాడు. జంట స్ప్రింగులైతే లోపలిదీ బయటిదీ ఎదురెదురు దిశల్లో చుట్టి ఉన్నాయో లేదో గమనిస్తాడు. ఒకే దిశలో ఉంటే ఒకదాని చుట్లు ఇంకోదాని మధ్య ఇరుక్కుంటాయి.

ఈ పనికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. కావలసిందల్లా ప్రతి వాల్వునూ విడిగా పట్టించుకునే ఓర్పు. ఇంజిన్ చేయించుకునేవాళ్లు బిల్లుతో పాటు ఒక్కో వాల్వు ఎత్తు, మూసి ఉన్నప్పటి బలం, తెరిచినప్పటి బలం రాసిన కాగితం కూడా అడగాలి. అడగకముందే చేతిలో పెట్టే మేస్త్రి దొరికితే ఆయన్ను వదులుకోకూడదు.