ముసలికుక్క సుప్రభాతం

లే నాయనా, తెల్లారింది. నంది కొండ మీది మంచు ఇంకా కిందికి దిగలేదు. ద్రాక్ష పందిళ్ళ కింద చీకటి ఇంకా చుట్టుకునే ఉంది. చిక్కబళ్ళాపురం పూలబజారుకు చామంతి మూటలు మోసుకుపోయే టెంపోలు మాత్రం అప్పుడే రోడ్డెక్కాయి. ఆ చప్పుడు నీకు వినపడదు. చెవులు మూసుకుపోయి చాన్నాళ్ళయింది. అందుకే నిన్నెవరూ పేరుపెట్టి పిలవరు. ఒంటి మీద చెయ్యి కూడా వెయ్యరు. నిద్రలో ఉన్న చెవిటి ప్రాణిని ఉన్నట్టుండి తాకితే ఉలిక్కిపడి నోరు వేస్తుంది. అది కోపం కాదు, భయం. నిన్ను లేపడానికి వచ్చే అమ్మ ముందు మడమతో గచ్చు మీద రెండు దెబ్బలు వేస్తుంది. ఆ అదురు నేలలోంచి నీ పక్కటెముకలకు చేరుతుంది. తరవాత అరచెయ్యి నీ ముక్కు ముందు పెట్టి ఆగుతుంది. కళ్ళూ చెవులూ పోయినా ముక్కు ఇంకా నీదే. తడి ముక్కు కదులుతుంది. తోక చివర మాత్రం ఒక్కసారి నేలను తాకుతుంది. నీ పొద్దు పొడిచింది.

మేలుకొలుపులు దేవుళ్ళకు పాడతారు, పెళ్ళికొడుకులకు పాడతారు. పళ్ళూడిన కుక్కకు పాడినవాళ్ళు లేరు. ఆ లోటు తీర్చడానికి మా సీమకు అర్హత ఉందనుకుంటాను. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి: ఇక్కడ బడి కన్నడం, ఇల్లు తెలుగు, సంత రెండూ. కుక్కలకూ రెండూ వచ్చు. ‘బా’ అన్నా వస్తాయి, ‘రా’ అన్నా వస్తాయి. నల్లగా ఉంటే ఏ ఊళ్ళోనైనా దాని పేరు కరియా. చింతామణి పక్కన కైవారంలో యోగి నారేయణుడు, మా కైవారం తాతయ్య, తెలుగులోనూ కన్నడంలోనూ పాడాడు. 1726లో పుట్టి 1836 దాకా ఉన్నాడని భక్తుల లెక్క. అంటే నూటపదేళ్ళు. గాజుల మలారం భుజాన వేసుకుని ఊరూరా తిరిగినవాడు. అలా తిరిగేవాడికి కుక్కల సంగతి బాగానే తెలిసుంటుంది, మొదట్లో ఎలా మొరుగుతాయో, తరవాత ఎలా వెంటబడి వస్తాయో. వయసుడిగిన మనిషికి దండం పెట్టే నేల ఇది. వయసుడిగిన కుక్కకు కనీసం గోనెపట్ట పరిచే చోటు ఉండొద్దా?

నువ్వెవరివో నాకు తెలుసు. పళ్ళున్నంత కాలం టమోటా తోటకు కాపలా కాసి, పళ్ళూడాక ఊరి చివరికి జరిగినవాడివి. పెంపకం షెడ్డులో ఈనిందే ఈని, రొమ్ములు నేలకు వేలాడుతుండగా ఒకరోజు గోడ బయట తేలినదానివి. కుక్కల పెంపకం, అమ్మకాల మీద కేంద్రం 2017లో నిబంధనలు తెచ్చింది, నీ రొమ్ములకు ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది. అపార్టుమెంటులో పెరిగి, ఏసీ గదిలో పడుకుని, యజమానికి దుబాయి ఉద్యోగం వచ్చేసరికి హైదరాబాదు హైవే పక్కన కారు తలుపు తెరుచుకుంటే షికారనుకుని దూకినవాడివి. ఆ కారు పోయిన దిక్కు చూస్తూ ఎన్ని రోజులు కూచున్నావో నువ్వు చెప్పవు. హెబ్బాళ–నాగవార పథకం కింద బెంగళూరు తన మురుగునీళ్ళను శుద్ధిచేసి మా చెరువులకు పంపుతోంది. ఆ నగరం మావైపు వదిలే రెండో సరుకు ముసలికుక్కలు. నీళ్ళకు పథకం ఉంది, పైపులున్నాయి. మీకు ఏ పథకమూ లేదు.

కుక్కల ఆశ్రయానికి వచ్చే జనం ముందు కుక్కపిల్లల గది దగ్గర ఆగుతారు. ఆగడం తప్పు కాదు, కుక్కపిల్లను చూసి ఆగని మనిషిని నమ్మకూడదు. కానీ అక్కడే ఆగిపోతారు. పిల్లను తీసుకుపోయేవాడు పన్నెండేళ్ళ ఆటను, పరుగును, ఫోటోలను తీసుకుపోతాడు. నిన్ను తీసుకునేవాడికి ఏం దొరుకుతుంది? మాత్రల చీటీ. రాత్రి మూడుకు తడిసిన పక్క. ఎప్పుడు పోతావో అన్న గుబులు. అందుకే నువ్వు చివరి గదిలోనే ఉండిపోతావు. అయినా నిన్ను తెచ్చుకుని ‘ఇక ఎక్కడికీ పంపం’ అన్న ఇంటికే ఈ పాట. పెంపుడుకు ఇవ్వడానికి కాదు, ఎవరో వచ్చి ఎంచుకుంటారని కాదు, చివరిదాకా ఉంచుకోవడానికే తెరిచిన తలుపుకు ఈ పాట.

ఆ తలుపు లోపలి పని చూడని వాళ్ళకు జాలి ఒక్కటే కనిపిస్తుంది. నిజానికి అది చాకిరీ. పొద్దున్నే పెద్ద గుండిగలో రాగిజావ కాగుతుంది. ఉప్పు వెయ్యరు, ఉల్లిపాయ అసలే వెయ్యరు, అది కుక్క నెత్తురును చెడగొడుతుంది. పళ్ళున్నవాళ్ళకు ముద్ద, లేనివాళ్ళకు జావ, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళకు వేరే గిన్నె. నువ్వు ఇదివరకటికంటే రెండింతలు నీళ్ళు తాగుతున్నావంటే దాహం ఎక్కువైందని మురవకూడదు, లోపల ఏదో చెడిందని డాక్టరుకు ఫోను చెయ్యాలి. మాత్రను ముద్దలో దాచిపెడతారు. నువ్వు ముద్దంతా తిని మాత్రను నాలుకతో గోడవైపు తోసి, ఏమీ ఎరగనట్టు కూచుంటావు. మళ్ళీ దాచాలి, ఈసారి బెల్లం ముక్కంత ఉడికిన గుడ్డులో. మనిషికి ఒళ్ళునొప్పులు తగ్గించే ఐబుప్రొఫెన్ నీ కడుపుకూ మూత్రపిండాలకూ విషం. ఆ సంగతి తెలియక ప్రేమతో వేసి కుక్కను పోగొట్టుకున్న ఇళ్ళున్నాయి.

నున్నటి టైల్సు నీకు శత్రువులు. వెనక్కాళ్ళు ముందు సడలతాయి. లేవబోతే రెండు వైపులకూ జారిపోతాయి. ఒకసారి జారినవాడు రెండోసారి లేవడానికే భయపడతాడు. అందుకని గది పొడవునా గోనెపట్టలు పరుస్తారు. నడక తగ్గితే గోళ్ళు అరగవు, వంకర తిరిగి మెత్తలోకే దిగుతాయి, నెలనెలా కత్తిరించాలి. అసలు లేవలేని రోజు వస్తే పొట్ట కింద తువ్వాలు వేసి, రెండు కొసలూ పట్టుకుని పైకెత్తుతూ నడిపిస్తారు. ముందు కాళ్ళు నీవి, వెనక కాళ్ళు ఆ అమ్మవి. అలా నాలుగు అడుగులేసుకుంటూ వేపచెట్టు దాకా పోయి, చెట్టు మొదట్లో నీ పని కానిచ్చుకుని, ఊరేలే రాజులా తిరిగొస్తావు. ఒకే పక్కన పడుకుంటే మోచేతుల మీదా తుంటి మీదా పుండ్లు పడతాయి. కొన్ని గంటలకొకసారి నిన్ను ఇటు నుంచి అటు తిప్పాలి, రాత్రుళ్ళు కూడా. చెవి మడతల్లో గోమార్లు ఏరాలి. వాటి వల్ల వచ్చే జ్వరం కుర్రకుక్కనే కూలేస్తుంది, నిన్ను వదులుతుందా?

కంట్లో నీలిపొర కనిపిస్తే గుడ్డిదనుకుంటారు. అన్నిసార్లూ కాదు. వయసుకు కంటి కటకం గట్టిపడి నీలంగా మెరుస్తుంది, దానితో చూపు బొత్తిగా పోదు. పాలలా తెల్లబడితే అది శుక్లం. చూపు పోయిన కుక్కకు మంచాన్నీ నీళ్ళ తొట్టినీ జరపకుండా ఉంచితే చాలు, ముక్కుతోనే ఇల్లంతా చదివేస్తుంది. కష్టమైంది మతి తప్పడం. నువ్వు అర్ధరాత్రి లేచి గదంతా తిరుగుతావు. గోడకు ముఖం పెట్టి ఊరికే నిలబడతావు. తలుపు తెరుచుకునే వైపు కాకుండా బందుల వైపు నిలబడి, ఇది ఎందుకు తెరుచుకోదని ఎదురు చూస్తావు. మనుషుల్లో ఈ జబ్బుకు పెద్ద పేర్లు పెట్టుకున్నాం. నీకు చెయ్యాల్సిందల్లా ఎవరో ఒకరు లేచి వచ్చి, నీ నడుము పట్టి మెల్లగా ఇటు తిప్పడం. నీకు అది గుర్తుండదు. మర్నాటి రాత్రి మళ్ళీ బందుల వైపే నిలబడతావు. మళ్ళీ తిప్పుతారు. ఈ భూమ్మీద పుణ్యమనేది ఎక్కడైనా నిల్వ ఉంటే అది ఆ తలుపు దగ్గరే ఉంటుంది.

ఇలాంటి చాకిరీ చేసినవాళ్ళు ఊహల్లో మనుషులు కారు. క్రిస్టల్ రోజర్స్ అనే ఇంగ్లీషావిడ 1959లో ఢిల్లీలో జంతువులకు ఆశ్రయం పెట్టింది, 1980లో జైపూరులో మరొకటి. ఎనభై దాటాక బెంగళూరు చేరి, 1991లో ‘క్యూపా’ అనే జంతు సంరక్షణ సంస్థ మొదలుపెట్టింది. ఆ వయసులో మనవాళ్ళు కాశీకి టిక్కెట్టు కొంటారు. 1996లో ఆమె పోయింది, క్యూపా ఉంది, అందులో వయసు మళ్ళిన జంతువులకు విడిగా ఒక చోటుంది. మా జిల్లా పొలిమేరను ఆనుకున్న దొడ్డబళ్ళాపురం దగ్గర రాకేష్ శుక్లా అనే సాఫ్టువేరు మనిషి పొలంలో 2016 నాటికి ఏడువందలకు పైగా కుక్కలున్నాయి. ఎవరికీ అక్కర్లేనివే ఎక్కువ.

ఇక మా చిత్రావతి. చిక్కబళ్ళాపురం కొండల్లో పుట్టి, బాగేపల్లి మీదుగా పారి (పారడమంటే వానాకాలంలో, మిగతా నెలలు ఇసకే), పుట్టపర్తి చేరుతుంది. ఆ ఏటి ఒడ్డున 2000లో క్లెమెంటీన్ పౌస్ అనే డచ్చి మహిళ ‘కరుణ సొసైటీ’ స్థాపించింది. కుక్కలు, ఆవులు, గాడిదలు, దెబ్బ తగిలిన ఏ ప్రాణైనా సరే. ఆవుల కడుపుల్లోంచి కిలోల కొద్దీ ప్లాస్టిక్ సంచులు తీసి తీసి విసిగి, 2012లో సుప్రీంకోర్టు మెట్లెక్కిందీ ఆ సంస్థే. సరిహద్దుకు అటు ఆంధ్ర, ఇటు కర్ణాటక. రోడ్డు మీద దెబ్బతిన్న కుక్క ఏ రాష్ట్రానిదో అడిగినవాళ్ళు లేరు.

కుక్కలకు రాళ్ళు నిలిపిన దేశం మనది. మండ్య జిల్లా ఆతకూరులో పదో శతాబ్దపు శాసనం ఒకటుంది. మణలేరుడనే వీరుడు తన రాజు దగ్గర బహుమానంగా అడిగి తెచ్చుకున్న వేటకుక్క ‘కాళి’ పెద్ద అడవిపందితో తలపడి, దాన్ని చంపి తానూ చచ్చింది. దానికి రాయి వేసి, గుడి ముందు నిలిపి, పూజకు మాన్యం ఇచ్చారు. ఆ రాయికి పూజ చెయ్యకుండా పూజారి అన్నం తినకూడదని కూడా రాయించారు. ఆ రాయి ఇప్పుడు బెంగళూరు మ్యూజియంలో ఉంది. గొప్ప మర్యాదే, కాదనను. కానీ కాళి వయసులో ఉండగా చచ్చింది, పందిని చంపి చచ్చింది. పందితో పోరాడి బతికి, ముసలిదై, మూల కూచుని దగ్గుతూ ఉంటే మాన్యం ఇచ్చేవాళ్ళా? ఈ దేశంలో వీరగల్లులు (వీరులకు నిలిపిన రాళ్ళు) వేలున్నాయి, ముసలిగల్లు ఒక్కటీ లేదు. ధర్మరాజు సంగతీ అంతే. కుక్క లేకుండా స్వర్గానికి రానన్నాడు, బాగుంది. తీరా అది యమధర్మరాజని తేలడం నాకెప్పుడూ కాస్త నిరాశే. అది ఉత్త కుక్కే అయ్యుంటే ఆ మాట ఇంకా పెద్దదయ్యేది.

వీధికుక్కల గొడవ నాకు తెలియనిది కాదు. పిల్లలు కాట్లు తిన్న ఊళ్ళున్నాయి, రేబిస్ వచ్చాక మందు లేదు, తల్లుల భయం నిజం. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ ఆశ్రయాలకు తరలించమంది, పదకొండు రోజులకే ఆ ఉత్తర్వును సవరించింది. నవంబరులో బడులు, ఆస్పత్రులు, బస్టాండ్ల దగ్గరి కుక్కలను పట్టి ఆశ్రయాల్లో పెట్టాలని, తిరిగి అక్కడ వదలొద్దని దేశమంతటికీ చెప్పింది. తీర్పు మీద ఎవరి వాదం వాళ్ళది. నేననేది ఒక్కటే: లోపలికి తెచ్చి బయటికి వదలని కుక్క లోపలే ముసలిదవుతుంది. ఇనుప కంచె కట్టడానికి టెండరు పిలవొచ్చు. అర్ధరాత్రి బందుల దగ్గర నిలబడ్డదాన్ని ఇటు తిప్పే చేతులకు టెండరు ఎవరు పిలుస్తారు?

చివరి రోజు గురించీ చెప్పాలి. ‘ఇక్కడ ఏ కుక్కనూ చంపరు’ అని బోర్డు రాసుకోవడం తేలిక. అన్నం మానేసి, ఊపిరి బరువై, నొప్పి మందులకు ఆగని రోజున డాక్టరును సూదికి పిలవడం కూడా ఆ అమ్మ పనే. అది వద్దనేవాళ్ళు ఆ రాత్రి పక్కన కూచుని చూడాలి. బరువు వదిలించుకోవడానికి వేసే సూది వేరు, బాధ తగ్గించడానికి వేసే సూది వేరు. ఆ తేడా తెలిసినవాళ్ళ చేతుల్లో పోయిన కుక్క అదృష్టవంతురాలు. తల ఒళ్ళో ఉంటుంది. ముక్కు ముందు తెలిసిన చెయ్యి ఉంటుంది. మర్నాడు ఆ గోనెపట్ట ఉతికి ఎండేస్తారు. సాయంత్రానికి మరొకడు వస్తాడు, మూతి నెరిసినవాడు, ఎవరి కారులోంచో దిగినవాడు.

చదివేవాళ్ళకు ఒక మాట. మీ ఇంట్లో ముసలికుక్క ఉండి మీరు ఊరు మారుతుంటే, దాన్ని కూడా సామాను పట్టీలో రాసుకోండి. ఆశ్రయానికి ఎప్పుడైనా వెళ్తే పిల్లల గది చూసి మురిసిపోండి, ఆ తరవాత చివరి గదికి నడవండి, పదేళ్ళు దాటినవాళ్ళను చూపించమనండి. తెచ్చుకుంటే రెండేళ్ళో మూడేళ్ళో మీ వరండాలో ఒక మూల చాలు. తెచ్చుకోలేకపోతే ఒక కుక్క నెల మందుల ఖర్చు మీరు పెట్టుకోండి. అదీ కుదరకపోతే పాత దుప్పట్లు, తువ్వాళ్ళు, గోనెసంచులు ఉతికి మూటగట్టి ఇచ్చిరండి. వెళ్ళేముందు ఫోను చేసి ఏం కావాలో అడగండి. చాలాచోట్ల ముందు అడిగేది దుప్పట్లే.