విధికుడు ఎవరి పూర్వీకుడు?

ప్రాచీన శాసనాల ప్రతులను సరిచూసి కంప్యూటరులో చేర్చే పనికి స్వచ్ఛందంగా పూనుకొనేవారిలో కొందరికి ఒక ఆశ ఉంటుంది: తమ పూర్వీకులు బౌద్ధులని తెలిపే ఆధారం ఎక్కడో ఒకచోట దొరకాలి. చరిత్రలో చోటు దక్కని కుటుంబాల నుండి వచ్చినవారికి ఆ ఆశ మరింత సహజం; దానిని చిన్నచూపు చూడరాదు. అయితే శాసనపాఠాన్ని ఆ ఆశ ఎంతవరకు నడిపించవచ్చునన్నది విమర్శించి చూడవలసిన విషయం.

అమరావతి స్తూపానికి చెందిన ఒక ఫలకంపై ప్రాకృత దానశాసనం ఉన్నది. దాత విధికుడు, చర్మకారుడు. అతని తండ్రి నాగుడు ఉపాధ్యాయుడు. తల్లి, భార్య, సోదరులు, కుమారుడు, కుమార్తెలు, జ్ఞాతులు, మిత్రులతో కూడి విధికుడు పూర్ణఘటం చెక్కిన ఆ ఫలకాన్ని దానం చేశాడు. కుమారుని పేరు కూడా నాగుడే. తాత పేరు మనుమనికి పెట్టుకొనే ఆచారం మన ఇళ్లలో నేటికీ ఉన్నది. కనుక ఆ పేరు దగ్గర చదువరి ఆగుతాడు. విధికుడు తన ఇంటివాడేనని అనిపిస్తుంది.

తొందరపాటుకు తావిచ్చేది ఇక్కడే. శాసనం వృత్తిని చెప్పింది, నేటి అర్థంలో కులాన్ని చెప్పలేదు. ఒక్క వృత్తినామంపై వేయేళ్లకు పైబడిన వంశక్రమాన్ని నిలబెట్టడానికి పాఠం ఒప్పుకోదు. చర్మకారుని తండ్రి ఉపాధ్యాయుడు కావడమే ఆ సమీకరణాన్ని సందేహంలో పడవేస్తుంది.

నాగార్జునకొండ శాసనాలు మరొక హెచ్చరిక చేస్తాయి. ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధ, వాజపేయాది క్రతువులు చేసినవాడని, మహాసేనుని అనుగ్రహం పొందినవాడని అవి కీర్తిస్తాయి. ఈ కీర్తన ఉన్నది బౌద్ధ మహాచైత్య స్తంభాలపైనే. వాటిని నిలిపిన దాతలలో ఆ రాజు సోదరి శాంతిశ్రీ ముఖ్యురాలు. ఒకే తరంలో, ఒకే ఇంట రెండు విశ్వాసాలు నిలిచినచోట ‘పూర్వీకుల మతం’ అనే ఏకవచనం పొసగదు.

అస్పృశ్యుల పూర్వీకులు బౌద్ధులని 1948లో ‘ది అన్‌టచబుల్స్’ గ్రంథంలో ప్రతిపాదించిన అంబేద్కర్, ఆధారాల మధ్య ఖాళీలను పూరించడానికి ఊహను ఆశ్రయించవలసి వచ్చిందని ముందుమాటలో దాచకుండా తెలిపారు. 1956 అక్టోబరు 14న నాగపూరులో ఆయన దీక్ష స్వీకరించినప్పుడు వంశవృక్షాన్ని చూపవలసిన అవసరం కలుగలేదు. మొదటిది పరీక్షకు నిలబడవలసిన ప్రతిపాదన. రెండవది మనిషి తనకు తాను చేసుకొన్న నిర్ణయం. నిర్ణయానికి బలం చేకూర్చాలని ప్రతిపాదనను నిరూపితమైన సత్యంగా చెప్పనక్కరలేదు.

కనుక ప్రతి రాసేవారు అరిగిన అక్షరాన్ని అరిగినట్టే గుర్తించాలి; దానిని తమ కోరికతో పూరించరాదు. అంతమాత్రాన విధికుడు పరాయివాడు కాడు. తన పుణ్యంలో పాలుపంచుకొన్నవారిని పేర్కొంటూ అతడు బంధువులతోపాటు మిత్రులను కూడా చేర్చాడు. రక్తసంబంధాన్ని నిరూపించలేని చదువరికి ఆ మాట చాలు.