పేర్చడమూ ఒక విద్యే

కరీంనగర్ వెండి ఫిలిగ్రీకీ, నిర్మల్ కొయ్యబొమ్మలకూ భౌగోళిక గుర్తింపు ఉంది. వాటిని చేసేవాళ్లను కళాకారులంటాం. అదే నేలమీద పెత్తరమాస నుంచి దుర్గాష్టమి దాకా ఆడవాళ్లు ఇంటింటా పూలతో గోపురాలు లేపుతుంటే, పండుగ అని ఊరుకుంటాం. బతుకమ్మ పేర్చడం పూల అమరికలో ఒక పూర్తి విద్య, దానికి ఆ లెక్కనే గౌరవం దక్కాలి అన్నది నా వాదన. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగైంది, తంగేడు రాష్ట్ర పుష్పమైంది. పండుగకూ పువ్వుకూ పీట దొరికింది గానీ పేర్చే చేతికి ఇంకా దొరకలేదు.

ఆ చేతిపని ఎంత లెక్కతో నడుస్తుందో తెలియాలంటే గునుగును చూడాలి. మెట్ట చేలల్లో కలుపుగా మొలిచే మొక్క అది. పువ్వు కాగితంలా పొడిగా ఉంటుంది, అందుకే కోసి తెచ్చాక కూడా తొందరగా వడలదు, రంగు బాగా పడుతుంది. కాడలు సమంగా కత్తిరించి, చిన్న చిన్న కట్టలు కట్టి, కొసలు రంగునీళ్లలో ముంచి ఆరబెడతారు. తాంబాలంలోనో సిబ్బిలోనో గుమ్మడి ఆకులు పరచి, పూల తలలు బయటికీ కాడలు లోపలికీ ఉండేలా వరుస తిప్పుతారు. నడుమ మిగిలిన గుంతను తరిగిన కాడలతో, ఆకులతో నింపి అదుముతారు. కిటుకంతా ఈ నింపుడులోనే ఉంది. పైవరుస బరువు దానిమీద పడి కింది కాడలను కదలకుండా పట్టేస్తుంది. నింపుడు వదులైతే బతుకమ్మ ఒక పక్కకు ఒరుగుతుంది. వరుస వరుసకూ చుట్టు తగ్గకపోతే పైభాగం నిలవదు. తంగేడు పసుపు పక్కన ఏ రంగు గునుగు పెట్టాలి, బంతిపూల వరుస ఎక్కడ రావాలి అన్నది చేతులు కదులుతుండగానే తేలాలి. శిఖరాన గుమ్మడి పువ్వు, పసుపు గౌరమ్మ. తీగ లేదు, జిగురు లేదు. చెరువుగట్టు దాకా మోసుకెళ్లినా చెదరకూడదు.

అమ్ముడుపోదు, మర్నాటికి మిగలదు, ఇక విద్య ఎట్లయితదని కొందరంటారు. జపానువాళ్ల పూల అమరిక ఇకెబానాలో పూలూ వాడిపోయేవే. క్యోటోలోని రొక్కకుదో ఆలయ పూజారులు బుద్ధుడి ముందు పూలు అమర్చేవారు. వాళ్లలో ఇకెనొబొ సెంకెయి అనే ఆయన పూల అమరికను చూడ్డానికి జనం గుమిగూడారని 1462 నాటి ఒక బౌద్ధ భిక్షువు దినచర్య చెబుతుంది. ఆ పరంపర ఈనాటికీ నడుస్తోంది. పూజను కళ అంటే భక్తి పలచబడుతుందన్న భయానికి కూడా ఇందులోనే జవాబుంది, ఎందుకంటే అక్కడా మొదలు పూజే. అలాగని మనదాన్ని వాళ్ల కొలతతో కొలవమని కాదు. ఇకెబానాకు కొమ్మ చుట్టూ ఉన్న ఖాళీ ప్రాణం, బతుకమ్మకు సందు లేని నిండుదనం ప్రాణం. రెండూ పూలను అర్థం చేసుకున్న చేతులు కనిపెట్టినవే.

ఇంతకంటే బలమైన అభ్యంతరం ఇంకొకటుంది. విద్య అన్నాక నియమాలు రాయాల్సి వస్తుంది, రాస్తే ఊరూరి తీరు చెరిగిపోతుందని. వేములవాడలో ముగింపు పండుగైన సద్దుల బతుకమ్మ ఏడో రోజునే, చాలాచోట్ల తొమ్మిదో రోజున. ఈ తేడాలు పోతే నష్టమే. జపాన్‌లో వంశపారంపర్య గురుపీఠాలు, అంచెలంచెల పట్టాలు ఉన్నాయి, అవి మనకొద్దు. కానీ రాయడమంటే ఒక్క తీరునే రాయడం కాదు. 1927లో తెషిగహర సోఫు సొగెత్సు అనే కొత్త ఇకెబానా బడి పెట్టాడు, పాతదీ నిలిచింది. నిజానికి మన తేడాలను ఇప్పుడు చెరిపేస్తున్నవి వేరే ఉన్నాయి. ఎత్తును బట్టి బహుమతులిచ్చే పోటీలు, లోపల థర్మాకోల్ దిమ్మలు, ప్లాస్టిక్ పూలు. ఆదిలాబాద్ పత్తి చేలల్లో గడ్డిమందు కొట్టినచోట గునుగు మొలవదు. పువ్వు దొరకనప్పుడు దాన్ని కట్టే తీరు కూడా మరుపున పడుతుంది.

కాబట్టి ఈ పెత్తరమాసకు మీ ఇంట్లో పెద్దమ్మనో అమ్మమ్మనో పక్కన కూర్చోబెట్టుకుని, ఏ వరుసలో ఏ పువ్వు, నింపుడుకు ఏ ఆకు అన్నది ఊరి పేరుతో సహా రాసి పెట్టండి. పోటీలు పెట్టేవాళ్లు కొలత టేపు పక్కనబెట్టి పేర్పును చూసి బహుమతి ఇవ్వండి. చేను గట్టున ఒక మూలైనా మందు కొట్టకుండా గునుగుకు వదలండి.