వైరు కొరికే కూన

కసిరితే పిల్లి వైరు కొరకడం మానదు. మనం గదిలో లేనప్పుడు కొరుకుతుంది, అంతే తేడా. అందుకే చెయ్యెత్తమని, మొహాన నీళ్లు చిమ్మమని సలహా ఇచ్చేవాళ్ల మాట నాకు రుచించదు.

మా కూనకి ఐదో నెల. వైరు దొరికితే ముందుకాళ్ల మధ్య ఇరికించుకుని, తల ఓ పక్కకి వాల్చి, దవడ పళ్లతో నములుతుంది. ఆ వాలు చూస్తేనే తెలుస్తుంది, చిగుళ్లు సలుపుతున్నాయని. మూడో నెల దాటాక 26 పాలపళ్లూ ఒక్కొక్కటే ఊడి, ఆరేడు నెలలకల్లా 30 అసలు పళ్లు వస్తాయి. మొన్న సోఫా కింద చిమ్ముతుంటే ఒకటి దొరికింది, బియ్యపుగింజంత. ఇంత చిన్న నోటికి ఎంత బాధో కదా!

నమలడానికి దానికి ఏదో ఒకటి ఇవ్వాలి. మందపాటి తువ్వాలు తడిపి, ఫ్రిజ్‌లో చల్లబరిచి, మనం దగ్గరుండి ఇస్తే హాయిగా నములుతుంది. దారాలు, పీలికలు మాత్రం వద్దు. మింగితే పేగుల్లో చిక్కుకుంటాయి. కుండీలో గోధుమలు చల్లితే వారం తిరిగేసరికి లేతగడ్డి లేస్తుంది, అదీ ఇష్టమే. పొద్దుగూకే వేళకి వేటబుద్ధి పుడుతుంది కాబట్టి, కర్రకి ఈక కట్టి కాసేపు పరుగులు పెట్టించి తిండి పెడితే, తిని పడుకుంటుంది. ఎదిగిన పిల్లి ఉన్నట్టుండి వైర్లు కొరుకుతోందంటే పశువుల డాక్టరుకి పళ్లు చూపించాలి.

ఫోన్ దాకా వచ్చే తీగలో వోల్టేజీ తక్కువే. నా భయమంతా ఫ్రిజ్, కూలర్, ఎక్స్‌టెన్షన్ బాక్సు వైర్లతో. వాటిలో ఉండేది 230 వోల్టులు. వాడనప్పుడు స్విచ్ కట్టేసి ప్లగ్గు పీకెయ్యండి. గోడ వెంట పోయే వైర్లకి కేసింగ్ క్యాపింగ్ కొట్టించండి. వేలాడేవాటికి ఫ్లెక్సిబుల్ పైపు నిలువునా చీల్చి తొడగొచ్చు. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉంటే ఇంట్లో పసిపిల్లలకీ రక్షణే. వైరుకి కారం పుయ్యడం క్రూరం. నోరూ కళ్లూ మండి అల్లాడిపోతుంది. నిమ్మ, నారింజ తైలాలూ పుయ్యొద్దు, పిల్లులకి పడవు.

షాక్ కొట్టిందనుకోండి, పిల్లిని ముట్టుకోకుండా ముందు మెయిన్ ఆపండి. పెదాల మూలలు, నాలుక కాలాయేమో చూడండి. మామూలుగా తిరుగుతున్నా సరే, పశువుల డాక్టరుకి చూపించాలి. ఊపిరితిత్తుల్లో నీరు చేరిన సంగతి కొన్ని గంటలకి, ఒక్కోసారి మర్నాటికి గానీ బయటపడదు. నోరు తెరిచి రొప్పుతుంటే తెల్లారేదాకా ఆగొద్దు, అప్పటికప్పుడు బయల్దేరండి.