చక్కెర పరీక్ష – రోగికి లేని ఎంపిక

రక్తములోని చక్కెరను కొలుచు పట్టీలో ఒక ఎంజైము ఉండును. అది గ్లూకోజుతో చర్య జరుపగా పుట్టిన స్వల్ప విద్యుత్తును మీటరు కొలుచును. 1962లో క్లార్క్, లయన్స్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిన ఎంజైము ఎలక్ట్రోడే దీనికి మూలము. ఒక కంపెనీ పట్టీ సాధారణముగా మరొక కంపెనీ మీటరులో పనిచేయదు. చిక్కంతయు ఇక్కడనే ఉన్నది.

2010లో ఆరంభమైన జాతీయ కార్యక్రమము మధుమేహ పరీక్షను ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములకు తెచ్చినది. కోనసీమ పల్లెవాసికి ఇది మేలే. కాని ఏ మీటరు రావలెనో టెండరు నిర్ణయించును. రోగికి ఎంపిక లేదు. 2013 నాటి అంతర్జాతీయ ప్రమాణము 100 మిల్లీగ్రాములు, ఆపైన ఉన్న చక్కెరకు 15 శాతము తేడాను అనుమతించినది. అనగా నిజముగా 180 ఉన్నపుడు ఒక మీటరు 153 అనియు, మరొకటి 207 అనియు చూపినను రెండును ప్రమాణమునకు లోబడినవే! టెండరుతో మీటరు మారినచో, మారినది రోగమా, పరికరమా? రక్తహీనత ఉన్నచో కొన్ని పట్టీలు అంకెను పెంచి చూపును. మూత సరిగా పెట్టని డబ్బాలోని పట్టీలను డెల్టా తేమ చెరచును.

అమెరికాలో 2013 జూలైలో మెడికేర్ పథకము టపాలో పంపు పట్టీలకు పోటీ టెండర్లు అమలు చేసినది. అమ్మకములలో కనీసము 50 శాతమునకు సరిపడు రకములను సరఫరాదారు చూపవలెనని 2008 నాటి చట్టము అంతకుముందే విధించినది.

మనకు అన్ని రకములు అక్కరలేదు. టెండరులో ధరతోపాటు పట్టీ గుణమును కూడ చూడవలెను. రోగి చీటీపై అంకె ప్రక్కన మీటరు పేరు వ్రాయవలెను. ఎన్నుకొను వీలు లేనివానికి, తన్ను దేనితో కొలిచిరో తెలియుటయైనను న్యాయము కదా!